పాటగాడి మలుపులు – విమర్శకుడి కొలబద్ద

నేను చేసిన ఒక పొరపాటును ఒప్పుకోవటానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ పొరపాటు నా ఒక్కడిదే అయితే దాన్ని పత్రికకెక్కించవలసిన పని లేదు. మన అభ్యుదయ విమర్శలో అది చాలాకాలంగా ఉన్న అలవాటనీ, నేను దాన్ని శ్రద్ధగా నేర్చుకుని ఆచరించాననీ నాకిప్పుడు అనిపిస్తున్నది. అందుకే రాస్తున్నాను.

2023 జూలైలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిత్రుడు నడిపే ట్యుటోరియల్ గదిలో పాతికమందిమి సమావేశమయ్యాం. అధ్యాపకులు అయిదారుగురు, తక్కినవారు విద్యార్థులు. నేను గద్దర్ మీద ఒక వ్యాసం చదివాను. అంతకు కొద్దిరోజుల ముందే, జూలై 2న, ఖమ్మంలో కాంగ్రెసు సభావేదికమీద ఆయన కనిపించాడు. నా వ్యాసానికి ప్రేరణ అదే. నేను ఆయన జీవితాన్ని నాలుగు ముక్కలుగా కోశాను. 1972 నుంచి 1990 దాకా విప్లవగాయకుడు. ఆ తర్వాత పేరు మీద బతికిన ప్రదర్శనకారుడు. 2010 నుంచి ప్రాంతీయోద్యమ గాయకుడు. 2018లో మొదటిసారి ఓటు వేసిననాటినుంచి పార్లమెంటరీ రాజకీయాల అతిథి. మొదటి ముక్కకు జోహారు చెప్పి, మిగతా మూడు ముక్కలకు “క్రమపతనం” అని పేరు పెట్టాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

వెనక బల్లమీద కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, “సార్, మీరు గంటసేపు చెప్పిండ్రు గానీ ఆయన పాట గురించి ఒక్క మాట చెప్పలే” అంది.

దానికి నేను, ‘పాట రాజకీయాలకు అతీతం కాదమ్మా’ అని సమాధానం చెప్పి కూర్చున్నాను. ఆ సమాధానంలో అబద్ధం లేదు. కాని ఆ అమ్మాయి అడిగినదానికి అది జవాబు కాదు.

ఇక్కడ నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. పగలు నేను ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ఆ జీతంతో ఇల్లు గడవదు గనక సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీపరీక్షల కోచింగు సెంటరులో గంటల లెక్కన పాఠాలు చెబుతాను. గ్రూప్ పరీక్షల సిలబసులో తెలంగాణ ఉద్యమం ఉంది. ఉద్యమం ఉన్న తర్వాత పాట ఉండకుండా ఎట్లా ఉంటుంది? కనుక నేను గద్దర్‌ను బిట్లుగా చెబుతాను. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. పుట్టిన ఊరు మెదక్ జిల్లా తూప్రాన్. పుట్టిన సంవత్సరం 1949. జననాట్యమండలి 1972. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబులు, అందులో మూడు తప్పు. మూడువందలమంది నిశ్శబ్దంగా రాసుకుంటారు. ఆ గదిలో నేను ఎన్నడూ పాట పాడలేదు, పాడించలేదు. పాట పాడితే టైము పోతుంది. బిట్లు తగ్గితే పిల్లలు పక్క సెంటరుకు పోతారు. ఇట్లా పాటను గంటల లెక్కన అమ్ముకుంటున్నవాణ్ని, ఒక గాయకుడు పాటను ఎవరెవరి వేదికలెక్కించాడో లెక్కగట్టటానికి పూనుకున్నాను. ఇందులోని వింత నాకు అప్పుడు తోచలేదు.

ఆగస్టు 6, ఆదివారం, గద్దర్ చనిపోయాడు. భౌతికకాయాన్ని లాల్‌బహదూర్ స్టేడియంలో ఉంచారు. మర్నాడు పొద్దున నేను ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో స్టేషన్ మెట్ల దగ్గరికి వచ్చేసరికి, సాగర్ రోడ్డు బస్సు దిగిన ఒక ముసలామె దారినపోయేవాళ్లను ఆపి అడుగుతున్నది. అక్కడ అడ్డామీద పనికోసం నిలబడ్డ కూలీలు నన్ను చూపించి, “సారునడుగవ్వా” అన్నారు.

“ఎల్బీల పెట్టిన్రట గద బిడ్డా గద్దరన్నను. యాడ?” అంది.

ఎల్బీ అన్న రెండక్షరాలు విని ఆమె ఎల్బీనగర్‌లో దిగింది. స్టేడియమూ లాల్‌బహదూర్ శాస్త్రి పేరుదే, ఈ నగరూ ఆయన పేరుదే. మధ్యన సగం పట్నం ఉంది. దేవరకొండ వైపు పల్లెనుంచి తెల్లవారకముందే బయల్దేరిందట. నేను అటే పోతున్నానని చెప్పి టిక్కెట్టు తీసుకుని రైలెక్కించాను.

రైలు చైతన్యపురి దాటింది, దిల్‌సుఖ్‌నగర్ దాటింది. ఆమె కిటికీలోంచి చూస్తూ సన్నగా ఏదో అనుకుంటున్నది. చెవియొగ్గితే పాట. బాణీ నాకు తెలిసిందే. ఊరు విడిచిపోయే కొడుక్కు తల్లి జాగ్రత్తలు చెప్పే పాట. నలభై ఏళ్లనాడు, 1983లో, బి. నరసింగరావు తీసిన ‘రంగుల కల’ చిత్రంలో గద్దర్ పాడినది. కాని ఆమె నోట ఉన్న చరణం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అందులో కొడుకు బోరుబండి మీద పనికి పోతున్నాడు. ఏయే ఊళ్లలో ఎంత లోతుకు వేసినా నీళ్లు పడలేదో ఆ ఊళ్ల పేర్లున్నాయి.

“అవ్వా, గద్దర్ పాట నీకెట్లా వచ్చింది? ఆయన్ను ఎన్నడన్న చూసినవా?” అని అడిగాను.

“సూడలే బిడ్డా. మా వదినె నాటేసేకాడ పాడేది, నేనూ నేర్సిన. నడుమ నా కొడుకు ముచ్చట నేనే కలుపుకున్న” అని ఒక క్షణం ఆగి, “ఆయన పాట నేను పాడుడేంది? నా పాటనే గద ఆయన పాడిండు. గందుకే ఒకపారి సూసిపోదామని వచ్చిన” అంది.

ఈ మాటను నేను తేలికగా తీసుకోలేకపోయాను. అసెంబ్లీ స్టేషన్‌లో దిగి, జనంలో నడిచి, ఆమెను వరసలో నిలబెట్టేదాకా అది నా చెవిలోనే ఉంది. జూలైలో నేను చదివిన వ్యాసంలో ఈమెకు చోటు లేదు. నా నాలుగు ముక్కల్లో ఈమె ఏ ముక్కకు చెందుతుంది?

ఇంటికి వచ్చి, ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నను మళ్లీ ముందు పెట్టుకున్నాను. ఈసారి గద్దర్ జీవితాన్ని రాజకీయతీర్మానాల వరసలో కాక, పాట వెళ్లిన దారి వెంట చూశాను. దళిత కుటుంబంలో పుట్టిన పిల్లవాడు, ఉస్మానియాలో ఇంజనీరింగులో చేరి మధ్యలో మానినవాడు, బుర్రకథలు చెప్పినవాడు, నరసింగరావు ప్రభృతుల ఆర్ట్ లవర్స్ అసోసియేషన్‌తో కలిసినవాడు, జననాట్యమండలి నిర్మాతల్లో ఒకడు, కెనరా బ్యాంకు గుమాస్తా. 1913లో అమెరికాలోని భారతీయ వలస శ్రామికులు స్థాపించిన గదర్ పార్టీ పేరును తన పేరుగా పెట్టుకున్నాడు. 1979 నాటి ‘మా భూమి’ చిత్రంలో, తెలంగాణ సాయుధపోరాటంలో అమరుడైన బండి యాదగిరి పాటను గొంగడి వేసుకుని తెరమీద పాడాడు. 1984లో బ్యాంకు ఉద్యోగం వదిలాడు. 1985లో, కారంచేడు దళితుల హత్యాకాండ జరిగిన ఆ సంవత్సరంలో, అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990 ఫిబ్రవరి 18న నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ జనం ముందు నిలబడ్డాడు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులకు గురై, వెన్నులో మిగిలిపోయిన ఒక తూటాతో తక్కిన 26 ఏళ్లూ ఆడి పాడాడు. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగినప్పుడు ప్రతినిధుల్లో ఒకడు. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత ఓటు, చివరికి తానే ఒక పార్టీ ప్రకటన.

ఇన్ని మలుపులున్న జీవితంలో మారనిదేమిటి అని చూస్తే, అది పని చేసే పద్ధతి. బాణీ జనం దగ్గర ఉంటుంది. నాట్లపాట, జోలపాట, బతుకమ్మ పాట, ఒగ్గుకథ దరువు, బైండ్లవారి జమిడిక. గాయకుడు దాన్ని అప్పు తీసుకుంటాడు. అందులో కొత్త సంగతి పెడతాడు. మళ్లీ జనానికి అప్పజెబుతాడు. కాలికి గజ్జె, చేతిలో కర్ర, పక్కన డప్పూ డోలకూ ఉంటే చాలు. పాటల పుస్తకం చవగ్గా అచ్చు వేస్తారు. క్యాసెట్టు చేతులు మారుతుంది. ఏ రికార్డు కంపెనీ గుమ్మమూ తొక్కనక్కరలేదు. ఈనాటి కుర్రకారు “ఇండీ” అని గొప్పగా చెప్పుకునే స్వతంత్ర సంగీతం ఇదే కదా? కాకపోతే ఆ స్వాతంత్ర్యం కంపెనీలనుంచి మాత్రమే. జనం మీద ఆధారపడటంలో ఆ పాటకు స్వాతంత్ర్యం లేదు, ఉండకూడదు కూడా.

అయితే సినిమా? జూలైలో నేను సినిమాను పతనానికి మొదటి మెట్టుగా చూపాను. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’ పాటకు నంది అవార్డు వస్తే ఆయన తిరస్కరించటం నిజాయితీ అనీ, 2011లో ‘జై బోలో తెలంగాణ’ చిత్రంలో పాడి ఉత్తమ గాయకుడుగా నంది పొందటం లొంగుబాటనీ రాశాను. చూడటానికి లెక్క సరిపోయినట్టే ఉంది. కాని ఆ రోజుల్లో నేను ఎక్కడున్నాను? ఎం.ఏ. విద్యార్థిగా ఈ దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గదిలోనే ఉన్నాను. 2009 నవంబరు 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు; డిసెంబరు 3న మరణించాడు. ఇవాళ అక్కడ అతని విగ్రహం ఉంది. ఆ తర్వాత రెండుమూడేళ్లు ఆ చౌరస్తాలో జరిగిన ప్రతి దీక్షలోనూ ఆ సినిమా పాటను మేమే గొంతెత్తి పాడాం. అది ఏ నిర్మాతదో, ఏ కంపెనీదో ఎవరూ అడగలేదు. ఏ ఊరి శిబిరంలో ఆ ఊరి పేరు అందులో చేరింది. సినిమాలో పుట్టినంత మాత్రాన ఆ పాట జనానికి అందకుండా పోలేదు. నా వ్యాసం రాసేటప్పుడు నా గొంతు పాడిన పాటను నా కలమే మరిచింది.

ఈ తగాదా మనకు కొత్తదీ కాదు, మన ఒక్కరిదీ కాదు. ప్రజానాట్యమండలి బుర్రకథకు ప్రాణం పోసిన నాజర్ సినిమాలకు కథ చెప్పాడు, 1986లో పద్మశ్రీ తీసుకున్నాడు. అంతమాత్రాన ఆయన తీర్చిన బుర్రకథ పాలకవర్గాలదైపోయిందా? అమెరికాలో వుడీ గత్రీ బోర్డులు రాసి బతికాడు, రేడియోలో పాడాడు, కమ్యూనిస్టు పత్రికకు శీర్షిక రాశాడు. 1941లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఒక నెల జీతమిస్తే కొలంబియా నది ఆనకట్టల మీద 26 పాటలు కట్టాడు. ఆయన శిష్యుడని చెప్పదగ్గ బాబ్ డిలన్ 1965 జూలైలో న్యూపోర్ట్ జానపదోత్సవంలో విద్యుత్ గిటారు పట్టుకుంటే సభలో కొందరు అరిచి గోలచేశారు. జానపదాన్నీ రాక్ సంగీతాన్నీ కలపటం వాళ్లకు ద్రోహంగా కనిపించింది. 2016లో అతనికి నోబెల్ సాహిత్య బహుమతి వచ్చినప్పుడు మళ్లీ మరో గోల. వాయిద్యాన్ని చూసో, చెల్లింపు రసీదును చూసో పాటకు తీర్పు చెప్పటం సులభం. అందుకే అందరం ఆ పని చేస్తాం.

మరి ఏ మలుపునూ విమర్శించగూడదా? తప్పకుండా విమర్శించాలి. ఓటు బహిష్కరణ నుంచి ఓటుకు రావటం, ఒక వేదిక దిగి ఇంకొక వేదిక ఎక్కటం రాజకీయ నిర్ణయాలు. వాటిని రాజకీయంగానే ఎదుర్కోవాలి. ఖమ్మం సభ గురించి నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. నేను చేసిన తప్పు ఎక్కడంటే, ఆ అభిప్రాయాన్ని సాహిత్య విమర్శగా చలామణీ చేశాను. గాయకుడి సభ్యత్వ పుస్తకం తిరగేసి పాటకు మార్కులు వేశాను. ఇది విమర్శకుడికి శ్రమ తగ్గించే పద్ధతి. పాట వినవలసిన అవసరం కూడా ఉండదు.

పాటకు సంబంధించినంతవరకు కొలబద్ద వేరే ఉన్నదని ఆ ముసలామె నాకు చూపింది. ఆ పాటలో ఇంకొకరు తమ చరణం చేర్చుకోవటానికి వీలుందా? ఉంటే ఆ పాట ఇంకా జనం చేతిలో ఉన్నట్టు. లేకపోతే, అందులో ఎన్ని ఎర్రజెండాలెగిరినా, అది ప్రదర్శనకు పెట్టిన వస్తువు. ఈ కొలతతో చూస్తే గద్దర్ పాటల్లోనూ తేడాలు కనిపిస్తాయి. సందర్భంకోసం, సభకోసం, నాయకుడికోసం కట్టినవి ఆ సభతోనే ముగిశాయి. వాటిలో ఎవరూ తమ కొడుకు పేరు చేర్చలేదు. తల్లి, చెల్లె, చెట్టు, చెమట, వలస చుట్టూ అల్లినవి ఈనాటికీ పెరుగుతున్నాయి. ఈ తేడా మొదటి ముక్కలోనూ ఉంది, చివరి ముక్కలోనూ ఉంది. నా కత్తిరింపులు అసలు గీతమీద పడనేలేదు.

గత ఏడాదినుంచి మా కళాశాల పిల్లలు నలుగురు ఎల్బీనగర్‌లో ఒక అద్దెగదిలో పాటలు కడుతున్నారు. ఒకడికి గిటారు వచ్చు, ఒకడికి డప్పు. చౌరస్తా బృందం వాళ్లకు ఆదర్శం. ఆ బృందంనుంచి వచ్చిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’కు పాడాడు, 2022లో ‘డీజే టిల్లు’కు పాట కట్టి పాడాడు, 2023లో ‘బలగం’లో పల్లెటూరి పాట పాడాడు. “ఆయన సినిమాలకు పోవుడు తప్పా సార్? రేపు మాకు పిలుపొస్తే పోవాల్నా వద్దా?” అని అడిగారు. మూడేళ్ల కిందట అడిగితే గంటసేపు ఉపన్యాసం చెప్పేవాణ్ని. ఇప్పుడు, “పోండి. కాని మీ పాటను ఒకసారి అడ్డామీద కూలీల ముందు పాడండి. వాళ్లు విని ఊరుకున్నారా, అందులో ఏదన్నా కలిపారా చూడండి” అన్నాను. వెళ్లి పాడారు. కూలీలు చప్పట్లు కొట్టారు, చాయ్ తాగించారు, ఏమీ కలపలేదు. పిల్లలు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. పల్లవిలో మాటలు మార్చి మళ్లీ వెళతామంటున్నారు. ఇది నాకు ఆశాజనకంగా ఉంది.

ఇంతలో చరిత్ర తన చమత్కారం తాను చేసింది. నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో సినిమా అవార్డులిస్తామని 2024 జనవరి 31న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2025 జూన్ 14న మొదటిసారి ఇచ్చింది. 1995 నాటి పాటకు నందిని కాదన్న మనిషే ఇప్పుడు నంది స్థానంలో బొమ్మ అయ్యాడు. ఇది గౌరవమని కొందరూ, దిగమింగటమని కొందరూ వాదిస్తున్నారు. నా మట్టుకు నాకు ఆ వాదంలో మునుపటి ఉత్సాహం లేదు. పాలకులు గాయకుణ్ణి విగ్రహం చెయ్యగలరు, బిట్టు చెయ్యటం నేను కూడా చెయ్యగలను. నాటుకాడ కొత్త చరణం పుట్టకుండా చెయ్యటం మాత్రం మా ఉభయుల చేతిలోనూ లేదు. అయితే ఆ చరణం మన చెవిన పడకుండా పోయే ప్రమాదం ఉంది. మన విశ్వవిద్యాలయాలు, మన సంఘాలు, మన పత్రికలు గాయకుల జీవితచరిత్రలు వేశాయి, తీర్మానాలు వేశాయి. పాట జనంలోకి వెళ్లిన తర్వాత ఏమైందో, ఏ ఊళ్లో ఏ మాట మారిందో సేకరించే పని మాత్రం చాలవరకు వదిలేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు ఉన్నచోటనుంచే చెయ్యదగ్గ పని అది. దానికి గ్రాంటు అక్కరలేదు.

నేను మొదలుపెట్టాను. కోచింగు సెంటరులో శనివారం చివరి పది నిమిషాలు బిట్లు ఆపి, ఇంట్లో అమ్మ, అమ్మమ్మ పాడే పాటను, వాళ్లు పాడినట్టే, మాట దిద్దకుండా రాసుకురమ్మంటున్నాను. యాజమాన్యానికి ఇది అంతగా నచ్చలేదు. ఎన్నాళ్లు సాగుతుందో చూడాలి. ఇప్పటికి నలభైయొక్క కాగితాలు వచ్చాయి. పదకొండింటిలో గద్దర్ బాణీలున్నాయి. పదకొండుమందిలో తొమ్మిదిమంది ఆ పాట తమ ఊరిదేనని రాశారు.

జూలైలో చదివిన వ్యాసాన్ని నేను చించెయ్యలేదు. ఆ కాగితాలను కూడా వీటితోపాటే ఒక సంచిలో పెట్టాను. దాని చివరి పేజీ వెనక, బోరుబండి మీద పోయిన కొడుకు చరణం, నాకు జ్ఞాపకమున్నంతవరకు, రాసి ఉంది. రెండు ఊళ్ల పేర్లు మరిచిపోయాను. ఆ అవ్వ ఊరు అడిగి రాసుకోకపోవటం నేను చేసిన రెండో పొరపాటు.